నొప్పి లేనినాటి పరీక్ష

ఆ పరీక్షకు పట్టే కాలం ఐదు నిమిషాలకు మించదు. దానికి కావలసిన సామగ్రి ఒక బల్ల, ఒక మంచి దీపం, శుద్ధి చేసిన స్పెక్యులం ఒకటి, కొంచెం దూది, మూడు నుండి ఐదు శాతం గాఢత గల ఎసిటిక్ ఆమ్లం. ఈ ఆమ్లం మరేదో కాదు, వంటలలో వాడే వెనిగర్‌లో ఉండేదే. దీనిని దూదితో గర్భాశయ ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగి చూస్తే, వికారం చెందిన కణజాలం తెల్లని మచ్చవలె తేలి కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న భాగం రంగు మారదు. సూక్ష్మదర్శిని అక్కరలేదు, ప్రయోగశాల అక్కరలేదు, ఫలితం కోసం పదిహేను రోజులు ఎదురుచూడనక్కరలేదు. శిక్షణ పొందిన నర్సు అక్కడికక్కడే చెప్పగలదు.

ఇంత సులభమైన పరీక్ష మన దేశంలో ఎందరికి అందినది? 2019–21 సంవత్సరాలలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ ప్రశ్నను సూటిగానే అడిగినది. 30 నుండి 49 ఏళ్ళ వయస్సు గల స్త్రీలలో, జీవితంలో ఒక్కసారైనా గర్భాశయ ముఖద్వార కేన్సరు కొరకు పరీక్ష చేయించుకొన్నవారు నూటికి 1.9 మంది. అంటే నూటికి ఇద్దరైనా లేరు. రొమ్ము పరీక్ష చేయించుకొన్నవారు 0.9 మంది. మరొకవైపు, అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ వేసిన లెక్క ప్రకారం, 2022లో ఒక్క భారతదేశంలోనే దాదాపు 1,27,000 మంది స్త్రీలకు ఈ గర్భాశయ ముఖద్వార కేన్సరు కొత్తగా సోకినది. దాదాపు 80,000 మంది దీనివల్ల మరణించారు.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూచినవారికి కలిగే బాధ మామూలు బాధ కాదు. ఎందుకంటే కేన్సర్లన్నింటిలోనూ, రావడానికి ఇంత దీర్ఘకాలం తీసుకొని, వచ్చే దారిలో ఇన్నిచోట్ల పట్టుబడగలిగినది మరొకటి కనబడదు. దీనికి మూలం హ్యూమన్ పాపిలోమా అనే వైరసు. ఈ సంగతిని 1980 దశకంలో నిరూపించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జూర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించినది. దాంపత్య జీవితం గడిపే స్త్రీపురుషులలో అత్యధికులకు ఏదో ఒక సమయంలో ఈ వైరసు సోకుతుంది. చాలామందిలో ఒకటి రెండేళ్ళలో శరీరమే దానిని వెళ్ళగొడుతుంది. వెళ్ళక నిలిచిపోయిన కొద్దిమందిలో మాత్రం ముఖద్వారపు కణాలు మెల్లమెల్లగా చెడుతూ వస్తాయి. అది కేన్సరుగా పరిణమించడానికి సాధారణంగా పది, పదిహేను, ఒక్కొక్కప్పుడు ఇరవై సంవత్సరాలు పడుతుంది. మన పెద్దలు రాచపుండు అని పేరు పెట్టి, పేరు పలకడానికే జంకిన వ్యాధి ఇక్కడ దశాబ్దకాలం పాటు గుమ్మం బయట కూర్చొని ఉంటుందన్నమాట.

ఆ కూర్చొని ఉన్న కాలంలోనే దానిని చూడవచ్చునని మొదట గ్రహించినవారిలో ముఖ్యుడు గ్రీసు దేశంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన జార్జి పాపనికొలౌ. న్యూయార్కులో పనిచేస్తూ ఆయన 1928లో తన పరిశీలనను ప్రకటించినప్పుడు వైద్యలోకం పెద్దగా పట్టించుకొనలేదు. పరీక్షకు ప్రతిదినమూ కణాలను ఇచ్చి సహకరించినది ఆయన భార్య ఆండ్రొమాకీ. స్త్రీ వ్యాధుల వైద్యుడు హెర్బర్ట్ ట్రౌట్‌తో కలసి 1943లో గ్రంథం వెలువరించిన తరువాతనే ‘పాప్ పరీక్ష’ ప్రపంచమంతటా వ్యాపించినది.

అయితే పరీక్ష ఉండడం వేరు, పరీక్ష అందడం వేరు. దీనికి బ్రిటన్ అనుభవం కంటె మంచి సాక్ష్యం లేదు. ఆ దేశంలో ఈ పరీక్ష 1960 దశకం నుండి అందుబాటులో ఉన్నది. అడిగినవారికి చేసేవారు. అడిగేవారు ఎక్కువగా చదువుకొన్న యువతులు. అవసరం ఎక్కువగా ఉన్న పెద్ద వయస్సు స్త్రీలు, పేద స్త్రీలు వచ్చేవారు కారు. ఇరవై సంవత్సరాలకు పైగా గడచినా ఆశించిన ఫలితం కనబడలేదు. 1988లో పద్ధతి మార్చారు. పేర్ల పట్టిక తయారుచేసి, ప్రతి స్త్రీకి ఇంటికి ఉత్తరం పంపి, గడువు కాగానే మళ్ళీ పిలిచే ఏర్పాటు చేశారు. అప్పటినుండి మరణాలు వేగంగా తగ్గినవి. పరీక్ష అదే, వైద్యులు వారే. మారినది పిలుపు మాత్రమే. ఫిన్లండు మొదటినుండీ, అంటే 1960 దశకం నుండీ, ఇట్లు పిలిచి పరీక్షించే పద్ధతినే అనుసరించి మరణాలను నూటికి ఎనభై వంతుల దాకా తగ్గించుకొన్నది.

మన దేశానికి వస్తే, స్త్రీలు పరీక్షకు రాకపోవడానికి సిగ్గే కారణమని చెప్పడం పరిపాటి అయినది. సిగ్గు నిజమే. పరాయివారి ముందు, అందునా పురుష వైద్యుని ముందు, బల్లమీద పడుకోవలసి రావడం ఏ స్త్రీకైనా కష్టమే. తలుపుకు గడియ లేని ఉపకేంద్రంలో, కిటికీకి తెర లేని గదిలో ఆ కష్టం రెట్టింపవుతుంది. కాని సర్వేలోని మరొక అంకె ఈ వాదాన్ని కొంత పలుచన చేస్తున్నది. నోటి కేన్సరు పరీక్షకు బట్ట తొలగించనక్కరలేదు. నోరు తెరిస్తే చాలు. టార్చిలైటు, చేతి తొడుగు తప్ప పరికరాలు లేవు. అయినా ఆ పరీక్ష చేయించుకొన్న స్త్రీలు నూటికి 0.9, పురుషులు 1.2 మాత్రమే. సిగ్గే అసలు అడ్డంకి అయితే నోటి పరీక్ష ఎంతో ముందుండవలెను. అది ముఖద్వార పరీక్ష కంటె కూడా వెనుకబడి ఉన్నది. కాబట్టి తప్పంతా స్త్రీల సిగ్గుమీదకు నెట్టడం, వారిని పిలవనివారికి అనుకూలమైన వాదమే తప్ప పూర్తి సత్యం కాదు.

మరి అసలు కారణాలేవి?

మొదటిది, నొప్పి లేకపోవడం. మన సమాజంలో వైద్యుని వద్దకు వెళ్ళడానికి నొప్పి ఒక అనుమతి పత్రం వంటిది. జ్వరమో, కడుపునొప్పో వస్తే స్త్రీ ఒక పూట పని మానినా ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. ఏ బాధా లేని మనిషి ఆస్పత్రికి ప్రయాణమైతే మాత్రం ప్రశ్నలు పుడతాయి. ఆశా కార్యకర్త వచ్చి, “వదినా, శుక్రవారం కేంద్రానికి రా, పరీక్ష చేస్తారు” అంటే, “నాకేమయిందని? తిరుగుతూనే ఉన్నాను గదా” అని జవాబు వస్తుంది. పక్కనున్న అత్తగారు, “లేని రోగాన్ని వెతికి తెచ్చుకోవడమెందుకే” అని ముగిస్తుంది. ఈ సంభాషణ ఏ ఒక్క గ్రామానిదీ కాదు. తెల్లబట్ట అవుతున్నదన్నా, అది ఆడవారికి ఉండేదేలే అని సరిపెట్టుకొనడమే అలవాటు. ముట్లుడిగిన తరువాత రక్తం కనిపించినా, భర్తతో కలసినప్పుడు రక్తం కనిపించినా ఎవరితోనూ చెప్పుకోరు. ఈ రెండు లక్షణాలు కనబడినవారు పరీక్షా శిబిరం కొరకు వేచి ఉండరాదు. వెంటనే వైద్యురాలిని చూడవలెను. శిబిరాలు జరిపేది ఏ లక్షణమూ లేనివారి కొరకు.

రెండవది, కూలి. వ్యవసాయ కూలీకి పరీక్ష ఉచితమే కాని దినం ఉచితం కాదు. బస్సు ఛార్జీ, వెంట వచ్చే మనిషి కూలి, ఇంటిదగ్గర పిల్లలను చూచేవారు, వీటన్నింటినీ లెక్కలోనికి తీసుకొంటే ఐదు నిమిషాల పరీక్షకు రెండు దినాల సంపాదన పోతుంది. మూడవది, అనుమతి. వైరసు సంపర్కం వలన సోకుతుందన్న అర్ధజ్ఞానం గ్రామాలకు చేరినది. అది సోకిన స్త్రీ నడవడికి సంబంధించిన విషయం కాదన్న మిగిలిన సగం ఇంకా చేరలేదు. ఒకే భర్తతో జీవితమంతా గడిపిన స్త్రీకి కూడా ఇది రావచ్చును. ఈ సంగతి భర్తలకు ఎవరూ చెప్పకుండా, భార్యలను మాత్రమే పరీక్షకు రమ్మనడం సగం పని. నాలుగవది భయం. అది సూదికీ కత్తికీ భయం కాదు; తెలిస్తే ఏమిచేయాలన్న భయం. వైద్యానికి పొలం అమ్మవలసివస్తుందేమో, కూతురి పెళ్ళి ఆగిపోతుందేమో, ఇంట్లో కంచం వేరుచేస్తారేమో అని ఆలోచించే తల్లికి, తెలియకపోవడమే సుఖమని తోచడంలో వింత లేదు.

ఇక్కడ తెలుగు దేశానికి సంబంధించిన ఒక విషయం చెప్పుకొనదగినది. శ్రీకాకుళం, విశాఖపట్టణం తీరప్రాంతాలలో పెద్ద వయస్సు స్త్రీలు కొందరు అడ్డపొగ త్రాగుతారు. అంటే చుట్టను వెలిగించి, మండే కొనను నోటిలోపల ఉంచుకొని పొగ పీలుస్తారు. పనిచేసుకొంటుండగా గాలికి చుట్ట ఆరిపోకుండా ఉండేందుకని చెప్పేవారు కలరు. ఆ వేడికి అంగిలి బూడిదరంగుకు తిరుగుతుంది. పగుళ్ళు, పుండ్లు ఏర్పడతాయి. ఇతర ప్రాంతాలలో అరుదుగా కనిపించే అంగిలి కేన్సరు ఇక్కడ ఎక్కువగా ఉన్నదని 1957లోనే వైద్య పత్రికలలో ప్రచురితమైనది. 1960 దశకంలో బొంబాయి పరిశోధకులు శ్రీకాకుళం జిల్లా గ్రామాలలో ఇంటింటికీ తిరిగి నోళ్ళు చూచారు. అంగిలి మార్పు కంటికి కనిపించేదే. కాని ఎవరికి వారు తమ అంగిలిని చూచుకొనలేరు, మరొకరు చూడవలెను. ఆ ‘మరొకరు’ అరవై సంవత్సరాల తరువాత కూడా ప్రతి గడపకూ చేరలేదు.

పోనీ, పరీక్ష జరిగినదే అనుకొందాం. అక్కడితో కథ ముగియదు. ముఖ్యమైన భాగం అప్పుడే మొదలవుతుంది. కేరళలో తిరువనంతపురం జిల్లాలో 1996లో ప్రారంభమైన నోటి కేన్సరు అధ్యయనం ప్రపంచ ప్రసిద్ధి పొందినది. పదమూడు పంచాయతీలలో దాదాపు 1,92,000 మందిని ఇందులో చేర్చారు. సగం పంచాయతీలలో శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి నోరు పరీక్షించారు. పొగాకు, మద్యం అలవాటు ఉన్నవారిలో నోటి కేన్సరు మరణాలు నూటికి 34 వంతులు తగ్గినట్లు 2005లో ప్రకటించారు. కేవలం కంటితో చూచి చేసే పరీక్ష ప్రాణాలు నిలపగలదని లోకానికి చూపినది ఈ అధ్యయనమే. అయితే దీని లోపలి అంకె ఒకటి అంతగా ప్రచారంలోనికి రాలేదు. అనుమానం ఉన్నదని తేలిన 5,145 మందిని పై పరీక్షకు వెళ్ళమన్నారు. వెళ్ళినవారు 3,218 మంది. నూటికి 63. అక్షరాస్యతకు పేరు మోసిన కేరళలో, ఇంటికి వచ్చి, నోరు చూచి, నీకు అనుమానం ఉన్నదని చెప్పిన తరువాత కూడా ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా ఆగిపోయారు.

ఎందుకు ఆగిపోతారో ఊహించడం కష్టం కాదు. మొదటి పరీక్ష ఇంటిదగ్గర, రెండవది పట్టణంలో. మొదటిది టార్చిలైటుతో, రెండవది ముక్క తీసి. ముక్క తీస్తే పుండు పాకుతుందన్న నమ్మకం దేశమంతటా ఉన్నది. దానికి ఆధారం లేదని చెప్పే ఓపిక పెద్దాస్పత్రి వరుసలలో ఎవరికీ ఉండదు. పేదలకు కేన్సరు చికిత్స ఖర్చు భరించే పథకాలు ఉన్నవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినది. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్‌ను ప్రారంభించినది. ఇవి నిజంగా ఎన్నో కుటుంబాలను ఆదుకొన్నవి. కాని రోగం నిర్ధారణ అయ్యేవరకు తిరిగే తిరుగుడు, చిట్టీలు, స్కానులు, లాడ్జి అద్దె, మధ్యలో పోయే కూలి చాలావరకు రోగి కొంగున కట్టుకొన్న డబ్బుతోనే జరగవలసి ఉంటుంది.

పిలుపు సరిగా ఉంటే మన దేశంలోనే ఏమి జరుగుతుందో ముంబయి చూపినది. టాటా మెమోరియల్ ఆస్పత్రి వైద్యులు 1998లో అక్కడి మురికివాడలలో ఒక అధ్యయనం ప్రారంభించారు. 35 నుండి 64 ఏళ్ళ వయస్సు గల లక్షన్నర మంది స్త్రీలు ఇందులో ఉన్నారు. సగం వాడలలో, పదవ తరగతి వరకు చదివి శిక్షణ పొందిన కార్యకర్తలు, వెనిగర్ పరీక్షను రెండేళ్ళకు ఒకసారి చొప్పున నాలుగు సార్లు చేశారు. వైద్యురాలు కాదు, నర్సు కూడా కాదు. పరీక్షకు వచ్చినవారు నూటికి 89 మంది. అనుమానం తేలిన తరువాత నిర్ధారణకు వెళ్ళినవారు 79 మంది. ముఖద్వార కేన్సరు మరణాలు నూటికి 31 వంతులు తగ్గినట్లు 2013లో వెల్లడించారు. పరీక్ష స్త్రీలు నివసించే వాడలోనికే వచ్చినది, చేసినది స్త్రీలే, ముందు ఇంటికి వచ్చి మాట్లాడినవారు కూడా స్త్రీలే. ఈ మూడూ కలసినచోట సిగ్గు తనంతట తానే పక్కకు తొలగినది.

తమిళనాడు అనుభవం మరొక విధమైనది. 2007లో తేని, తంజావూరు జిల్లాలలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, తరువాత రాష్ట్రమంతటికీ విస్తరించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఏ పనిమీద వచ్చిన స్త్రీకైనా, బిడ్డ జ్వరానికి తోడు వచ్చిన తల్లికైనా సరే, ముప్పై దాటితే అక్కడే నర్సు పరీక్ష చేసే ఏర్పాటు అది. దినం కూలి ప్రత్యేకంగా పోదు. ఎందుకు వెళ్ళావని ఎవరూ అడగరు. జాతీయ సర్వేలో దేశం మొత్తం 1.9 దగ్గర ఉండగా తమిళనాడు 9.8 దగ్గర నిలిచినది. అదీ పదిమందిలో ఒక్కరే. కాని మిగిలిన దేశంతో పోలిస్తే ఐదు రెట్లు.

కేంద్ర ప్రభుత్వం 2016లో ముప్పై దాటిన వారందరికీ ఐదేళ్ళకు ఒకసారి నోరు, రొమ్ము, ముఖద్వారం పరీక్షించాలని మార్గదర్శకాలు వెలువరించినది. సర్వే ముగిసిన తరువాతి సంవత్సరాలలో కోట్ల సంఖ్యలో పరీక్షలు జరిగినట్లు ప్రభుత్వ లెక్కలు చెబుతున్నవి. మంచిదే. అయితే ఆశా కార్యకర్త పత్రంలో గడులు నింపడం, నర్సు దీపం వేసి చూడడం ఒకటి కావు. లెక్కలు చదివేటప్పుడు ఈ రెంటినీ వేరుచేసి చదవడం అవసరం.

నమ్మకం మరొక పెద్ద విషయం. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో ఈ వైరసు టీకాను బాలికలకు ఒక ప్రదర్శక పథకంగా వేశారు. కొందరు బాలికలు మరణించడంతో 2010లో అది ఆగిపోయినది. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ సంఘం చెప్పినది. కాని అంగీకార పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వసతి గృహాల వార్డెన్లు సంతకాలు చేసిన సంగతి బయటపడినది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టినది. టీకా మంచిదే కావచ్చును. గిరిజన బాలిక తండ్రిని అడగకుండా వేసిన టీకా మాత్రం, ఆ తరువాత వచ్చే ప్రతి సూదినీ ప్రతి పరీక్షనూ అనుమానాస్పదం చేస్తుంది. పైన చెప్పిన అధ్యయనాలపై కూడా విమర్శ లేకపోలేదు. పోల్చి చూడడం కొరకు సగం మంది స్త్రీలను పరీక్షించకుండా సంవత్సరాల తరబడి గమనించడం న్యాయమా అని అమెరికాలోనూ ఇక్కడా ప్రశ్నించినవారు ఉన్నారు. ఆ ప్రశ్నను తేలికగా తోసివేయరాదు.

అన్ని పరీక్షలూ అందరికీ మేలు చేస్తాయనుకొనడం కూడా పొరపాటే. దక్షిణ కొరియాలో ఆరోగ్యవంతుల మెడలకు విచ్చలవిడిగా స్కానులు తీయగా, 1993–2011 మధ్య థైరాయిడ్ కేన్సర్లు పదిహేను రెట్లు పెరిగినట్లు తేలినది. మరణాలు మాత్రం తగ్గలేదు. హాని చేయని గడ్డలకు ఎందరో మెడలు కోయించుకొన్నారు. పట్టణాలలో రంగురంగుల కరపత్రాలతో అమ్మే సంపూర్ణ శరీర పరీక్షలను చూచినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకొనడం మంచిది. రొమ్ము విషయంలో, చేతితో తడిమి చేసే పరీక్ష వల్ల యాభై దాటిన స్త్రీలలో మరణాలు నూటికి దాదాపు 30 వంతులు తగ్గినవని, అంతకు తక్కువ వయస్సువారిలో అట్టి మేలు కనబడలేదని ముంబయి అధ్యయనమే 2021లో తెలిపినది.

వెనిగర్ పరీక్షకూ పరిమితులున్నవి. అది చూచేవారి కంటిపై ఆధారపడినది. ముట్లుడిగిన స్త్రీలలో చూడవలసిన భాగం లోపలికి ముడుచుకొని పోవడం వల్ల అంతగా ఉపయోగపడదు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో 1999లో మొదలై, 1,31,000 మందికి పైగా స్త్రీలతో సాగిన అధ్యయనంలో, వైరసునే నేరుగా పట్టే పరీక్ష ఒక్కసారి చేసినా మరణాలు దాదాపు సగానికి తగ్గినవి. వెనిగర్ పరీక్ష అంత ఫలితం చూపలేదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వైరసు పరీక్షనే ముందుగా ఎంచుకొనవలెనని సిఫారసు చేసినది. ఇందులో మరొక సౌకర్యం ఉన్నది. కణాలను స్త్రీ తనకు తానే, తలుపు వేసుకొని, చిన్న బ్రష్షు వంటి సాధనంతో తీసి ఇవ్వవచ్చును. బల్ల అక్కరలేదు, స్పెక్యులం అక్కరలేదు. ఆస్ట్రేలియాలో 2022 నుండి పరీక్షకు వచ్చే స్త్రీలందరికీ ఈ వెసులుబాటు కల్పించారు.

వైరసు ఉన్నట్లు తేలి, ముఖద్వారంలో మచ్చ కనబడితే, చాలా సందర్భాలలో చికిత్స కూడా అదే దినం జరగవచ్చును. కొన్ని సెకన్లపాటు వేడిమితో ఆ మచ్చను మాడ్చివేసే పరికరాన్ని వాడడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మార్గదర్శకాలు ఇచ్చినది. స్త్రీ రెండవసారి బస్సు ఎక్కనక్కరలేదు. రెండవ దినం కూలి పోదు. ఆ పరికరం చేతిలో ఇమిడేటంత చిన్నది. బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి, ఉపకేంద్రంలో కరెంటు పోయినా పని ఆగదు.